డిపో దాకా పదిహేను అడుగులు

మంచాల చక్రాలకు నూనె పెట్టడానికి మెకానిక్కు వచ్చిన సోమవారం పొద్దున్నే వార్డు ఆయమ్మకు ఒళ్లు మండింది. వృద్ధుల వార్డులో ఉన్నవి పద్దెనిమిది మంచాలు. వాటికి చక్రాలున్నాయన్న సంగతే అందరూ ఎప్పుడో మరిచిపోయారు. తుప్పు పట్టి, నేలకు అతుక్కుపోయిన చక్రాలవి. శుక్రవారంనాడు వార్డు మొత్తాన్నీ ఊరి చివర కట్టిన కొత్త భవనంలోకి, మూడో అంతస్తుకు మారుస్తున్నారు, ఈ పాత మంచాలను గోడౌనుకు తోసుకుపోవాలి కాబట్టి ఇప్పుడు ఆఫీసువాళ్లకు నూనె గుర్తొచ్చింది. మెకానిక్కు ఏడో నంబరు మంచాన్ని జానెడు పక్కకు లాగి, పని చూసుకుని, దాన్ని అలాగే వదిలేసి ఎనిమిదో మంచం దగ్గరికి పోయాడు.

బకెట్టుతో లోపలికి వస్తున్న ఆయమ్మ అది చూసింది. బకెట్టు దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎక్కణ్ణుంచి తీశావో అక్కడే పెట్టమంది. జానెడే కదమ్మా అని అతను నవ్వాడు. జానెడు జరపాలని అంత సరదాగా ఉంటే మీ ఇంట్లో మంచం జరుపుకో నాయనా, ఇక్కడ కాదు అంది. మంచం కాళ్లుండే చోట నేలమీద ఏళ్ల తరబడి పడ్డ నాలుగు తుప్పు మరకలున్నాయి. నాలుగు చక్రాలూ ఆ నాలుగు మరకల మీదికి వచ్చేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. నాలుగు రోజుల్లో ఎలాగూ తీసేసే మంచానికి ఇంత రాద్ధాంతం ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఆవిడ చెప్పనూ లేదు.

ఏడో నంబరు కండక్టరు గారిది. ముప్పై నాలుగేళ్లు బస్సులో నిలబడే బతికి, ఎనభయ్యో పడిలో ఈ మంచం ఎక్కిన మనిషి. ఆయనకు రెండేళ్లుగా కళ్లు కనిపించవు. మసక కాదు, పొర కాదు, బొత్తిగా కనిపించవు. ఆ సంగతి ఆయనకూ తనకూ తప్ప మూడో మనిషికి తెలియదని ఆయమ్మ నమ్మకం. తనకైనా ఆయన చెప్పలేదు. ఓ సాయంత్రం టీ గ్లాసు అలవాటు తప్పి ఎడంపక్కన పెడితే, ఆయన చెయ్యి కుడిపక్క ఖాళీ బల్లమీద వెతికింది. ఆవిడ చూసి, మాట్లాడకుండా గ్లాసును ఆ చేతికిందికి జరిపింది. ఆయన "ఎవరితోనూ అనకు" అన్నాడు. అంతే, ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు.

ఇక ఆయన చేసిన నాటకం చూడాలి. పొద్దున్నే పేపరు రాగానే పక్క మంచం పెద్దాయనకు ఇచ్చి, నీ చూపు ఎలా ఉందో చూద్దాం, హెడ్డింగులు చదువు అనేవాడు. ఆ పెద్దాయనకు వార్డులో రేడియో అని పేరు. చెవులు సరిగా వినపడవు గానీ గొంతు మాత్రం గేటుదాకా పోతుంది. ఆయన హెడ్డింగులతో మొదలుపెట్టి చివరి పేజీ దాకా చదివిగానీ ఆపడు. వారానికోసారి వచ్చే డాక్టరు మంచం దగ్గర నిలబడితే, మీరు చిక్కిపోతున్నారేం డాక్టరు గారూ అని కండక్టరు గారే ముందు పలకరించేవాడు. డాక్టరు నవ్వుకుంటూ బీపీ చూసి పోయేవాడు.

దారి సంగతైతే మరీను. మంచం దిగితే నాలుగడుగులకు నీళ్ల కూజా బల్ల. దాన్ని ఎడంగా తప్పుకుని రెండడుగులు వేస్తే స్తంభం. అది మొదటి స్టేజీ. అక్కడ కుడికి తిరిగితే తొమ్మిదడుగులకు బాత్రూము తలుపు. దానికాయన డిపో అని పేరు పెట్టాడు. కూజా బల్ల బెత్తెడు జరిగినా, చెప్పులు మంచంకింద వంకరగా ఉన్నా, దారిలో ఎవరైనా స్టూలు వదిలేసినా ఆయన బండి పడిపోతుంది. అందుకని రెండేళ్లుగా ఆయమ్మ డ్యూటీకి రాగానే చేసే మొదటి పని ఆ పదిహేను అడుగులూ నడిచి చూసుకోవడం. ఒక్కత్తే ఉండే తన గదిలో కూడా గ్లాసు కుడిపక్కనే పెట్టుకోవడం అలవాటైపోయింది.

ఇదంతా ఎందుకంటే, వార్డులో ఎవరి పని వాళ్లు చేసుకోలేకపోతే కొండవతల ఉన్న కేంద్రానికి పంపేస్తారు. అది రెండున్నర గంటల దారి. అక్కడికి పోయినవాళ్ల సంగతి మళ్లీ ఎవరూ చెప్పగా ఆవిడ వినలేదు.

మంగళవారం ఫారాల మేడమ్ వచ్చింది. మంచి మనిషే, పాపం. నెమ్మదిగా మాట్లాడుతుంది, ప్రతివాళ్లనూ మీరు అంటుంది. ఎవరు కొత్త వార్డుకో, ఎవరు కొండవతలికో తేల్చడం ఆవిడ ఉద్యోగం. సొంతంగా బాత్రూముకు వెళ్లి రాగలిగితే కొత్త వార్డు, లేకపోతే కొండవతల. ఒక్కొక్కరినే లేపి నడిపించి, అట్టకు పెట్టిన కాగితం మీద టిక్కులు పెడుతోంది. మూడో మంచం ముసలమ్మ స్తంభం దగ్గరే కూర్చుండిపోతే, ఫరవాలేదమ్మా అంటూనే గళ్లలో ఏదో రాసింది.

కండక్టరు గారి వంతు వచ్చింది. ఆయమ్మ నేల తుడుస్తున్నట్టు తుడుపుకర్ర పట్టుకుని స్తంభం పక్కకు చేరింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, బస్సులో జనం మధ్య నడిచినట్టు కొంచెం పక్కకు వాలుతూ నడిచాడు. నాలుగు, తప్పుకున్నాడు, రెండు, తిరిగాడు, తొమ్మిది. తలుపు తీసి, వేసి, వెనక్కి వచ్చి, మేడమ్ చేతిలో కాగితం చప్పుడు ఎటుందో అటు తిరిగి, నాకు టిక్కెట్టు కొడతారా అమ్మా అని అడిగాడు. ఆవిడ పకపకా నవ్వింది. కొత్త వార్డు, పన్నెండో నంబరు మంచం, సాయం అక్కర్లేదు అని రాసేసింది. రేడియో చప్పట్లు కొట్టాడు. కండక్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. అంత సంతోషం ఆయన ముఖంలో ఈమధ్య ఆయమ్మ చూడలేదు.

అదే చేత్తో మేడమ్ ఇంకో సంగతి కూడా చెప్పింది. కొత్త భవనంలో ఆయాలు వేరే ఉంటారట, పనికి కొత్తవాళ్లను తీసుకున్నారట. ఆయమ్మకు ఈ పాత భవనంలోనే బట్టల గదిలో పని. కూర్చుని చేసుకునే పని, మీ వయసుకు హాయి అంది. ఆయమ్మ తలూపి, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

సాయంత్రం డ్యూటీ దిగగానే ఇంటికి పోకుండా కొత్త భవనానికి పోయింది. వాచ్‌మన్‌కు దుప్పట్ల కొలతలు చూడాలని అబద్ధం చెప్పి మూడో అంతస్తు ఎక్కింది. వార్డు అద్దంలా ఉంది. స్తంభం లేదు, బల్ల లేదు, గోడ గోడంతా ఒకే తెలుపు, ఏ మంచం చూసినా ఒక్కలాంటిదే. పన్నెండో మంచానికి ఆయన పేరున్న కాగితం అప్పుడే అతికించారు. ఆయమ్మ చెప్పులు విప్పి, ఆ మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని లేచింది. పాత దారే నడుద్దామనిపించి నడిచింది. నాలుగు, రెండు, కుడికి తిరిగి తొమ్మిది. చేతికి తలుపు తగిలింది. తోస్తే తెరుచుకుంది. మరీ సుళువుగా వచ్చేసిందే అనుకుంటూ కళ్లు తెరిచింది. కాలి ముందు మెట్లున్నాయి. గడియ లేని తలుపు, దాని వెనక కిందికి దిగే సిమెంటు మెట్లు. బాత్రూము ఎడంపక్కన, వార్డు ఆ చివర ఉంది.

ఆవిడ ఆ మొదటి మెట్టుమీదే చతికిలబడి చాలాసేపు కూర్చుంది.

బుధవారం పొద్దున్నే పెద్ద సిస్టరమ్మ దగ్గరికి వెళ్లింది. సిస్టరమ్మ ఈ వార్డును పదిహేనేళ్లుగా నడుపుతోంది. తక్కువ మాట, ఎక్కువ చూపు. కండక్టరు గారికి వేరే మంచం ఇప్పించమని ఆయమ్మ అడిగింది. ఎందుకు అంటే, పన్నెండో దానికి గాలి రాదమ్మా అంది. సిస్టరమ్మ రిజిస్టరులోంచి తలెత్తి ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఆయన సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు దుప్పట్లు మూటలు కట్టించు అని మళ్లీ తల దించుకుంది. కసురుకుందని ఆయమ్మకు కష్టమేసింది. ఇన్నేళ్ల చాకిరీకి ఒక్క మంచం అడిగితే ఇంత బెట్టా అనుకుంది.

ఇక నేర్పడమే దారి. పొద్దుటి టీ వేళ వరండాలో ఆయన్ను కూర్చోబెట్టి కొత్త దారి చెప్పింది. ఎడమకు తిరగాలి, మంచాల చివరి కమ్మీలు చేత్తో తడుముకుంటూ ఇరవై రెండు అడుగులు. మెట్ల తలుపు సంగతి చెప్పలేదు, భయపడతాడని. ఆయన శ్రద్ధగా విన్నాడు. రూటు మార్చారన్నమాట అని నవ్వి, వరండా కమ్మీ పట్టుకుని నాలుగుసార్లు నడిచాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయమ్మకు ప్రాణం కుదుటపడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఓ కునుకు తీసి లేస్తుంటే, వట్టినే పరీక్ష చేద్దామని, కొత్త వార్డులో ఉన్నారనుకోండి, డిపోకు వెళ్లి రండి అంది. ఆయన నిద్ర మత్తులో ఊ అంటూ లేచాడు. నాలుగు, ఎడంగా తప్పుకుని రెండు, కుడికి తిరిగి తొమ్మిది. తలుపు దాకా వెళ్లి, ఇంకా కళ్లు నులుముకుంటూనే, సరిగ్గా వచ్చానా అని అడిగాడు. ఆయన కాళ్లు ఆయన మాట వినవు. రెండేళ్లుగా ఆ కాళ్లకు ఆ దారి నేర్పింది తనే.



గురువారం మధ్యాహ్నం దుప్పట్ల మూటలు వేసుకుని వ్యాన్లో కొత్త భవనానికి పోయారు. ముందు సీట్లో పెద్ద సిస్టరమ్మ, ఫారాల మేడమ్, వెనక మూటల మధ్య ఆయమ్మ. మేడమ్ చివరిసారి అన్నీ చూసి సంతకాలు పెట్టాలి. ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, కాగితంతో పోల్చుకుని, కలం పెట్టి గీస్తోంది. ఆయమ్మ దుప్పట్లు పరుస్తూ వాళ్ల వెనకే నడుస్తోంది. పన్నెండో మంచానికి ఆయన పేరు అలాగే ఉంది. ఇంతలో మూటలు మోసేవాడెవడో మోచేత్తో మెట్ల తలుపు తోసుకుంటూ వచ్చాడు. తలుపు వాడి వెనకాల రెండుసార్లు ఊగి ఆగింది.

మేడమ్ కలం కాగితం మీద పెట్టింది.

"ఆయనకు కళ్లు కనపడవమ్మా" అంది ఆయమ్మ.

మేడమ్ వెనక్కి తిరిగి, ఎవరికి అని అడిగింది. కండక్టరు గారికి, రెండేళ్లయింది, నాకు తెలుసు, నేనే చెప్పలేదు అని ఆయమ్మ గడగడా చెప్పేసింది. ఆ తలుపు చూపించింది, అడుగులు చెప్పింది, ఆయన్ను ఈ మంచం మీద పడుకోబెట్టొద్దని రెండు చేతులూ జోడించింది. చెబుతున్నంతసేపూ పెద్ద సిస్టరమ్మ ఆవిడ వైపు కాక నేలవైపే చూస్తోంది. సిస్టరమ్మ చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. దాన్ని ఇంకో మడత పెట్టి జేబులో వేసుకుంది.

మేడమ్ కోప్పడలేదు. మంచి పని చేశారమ్మా అని ఆయమ్మ భుజం మీద చెయ్యి వేసింది కూడా. తర్వాత అట్ట కిందనుంచి వేరే రంగు కాగితం తీసింది. చూపు లేని మనిషిని ఈ వార్డులో ఉంచడానికి రూలు ఒప్పుకోదట. ఈ మంచమే కాదు, ఏ మంచమూ కాదు.

తిరిగి వచ్చేటప్పుడు మేడమ్ వాళ్లతో రాలేదు. సిస్టరమ్మ ముందు సీటు వదిలి వెనక ఆయమ్మ పక్కన కూర్చుంది. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి ఆవిడ ఒళ్లో పెట్టింది. కొత్త వార్డు పటం. ఒకటో నంబరు మంచం దగ్గర, పెన్సిలుతో, కండక్టరు గారి పేరు. ఒకటో నంబరు బాత్రూము తలుపుకు ఆనుకుని ఉంటుంది.

"రేపు పొద్దున్న జనం హడావుడిలో కాగితాలు మార్చేదాన్ని. ఎవరూ చూసేవాళ్లు కాదు" అంది సిస్టరమ్మ.

మీకు ఎప్పటినుంచి తెలుసమ్మా అని ఆయమ్మ అడిగింది. నువ్వు కూజా బల్ల కాళ్లకింద బొగ్గుతో గీతలు గీసిన రోజునుంచి అంది సిస్టరమ్మ. మరి నాతో ఒక్క మాట ఎందుకనలేదు అంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"అంటే నేను విన్నట్టవుతుంది. వింటే రాయాలి. నువ్వూ అనవు, నేనూ అనను, అలా సాగిపోతుందనుకున్నాను."

గేటు దగ్గర దిగేటప్పుడు సిస్టరమ్మ, ఆయనకు రేపు పొద్దున్న నేను చెబుతాలే, నువ్వు ఇంటికి పో అంది. ఆయమ్మ గదికి పోయి దీపం వేసుకోకుండా మంచం మీద కూర్చుంది. తన నాలుక తనే కోసుకోవాలనిపించింది.

శుక్రవారం వార్డంతా పెళ్లివారిల్లులా గోలగోలగా ఉంది. పద్దెనిమిదిమంది చేతులకూ పట్టీలు కట్టారు. కొత్త వార్డుకు పోయేవాళ్లవి నీలం. కొండవతలికి పోయేవాళ్లవి పసుపు. పెద్ద సిస్టరమ్మ ఏడో మంచం దగ్గరికి వచ్చి, కండక్టరు గారి ముంజేతికి తనే పట్టీ కట్టింది. చెబుతానన్న మనిషికి నోరు పెగల్లేదు. బిగుతుగా ఉందా అని మాత్రం అడిగి, లేదనిపించుకుని, గబగబా వెళ్లిపోయింది.

రేడియో తన నీలం పట్టీని ఎత్తి అందరికీ చూపిస్తూ ఏదో అరుస్తున్నవాడు, పక్క మంచం వైపు తిరిగి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇవాళ చదవలేదు. కండక్టరు గారు ఆ నిశ్శబ్దం విన్నాడు. బొటనవేలితో పట్టీని అటూ ఇటూ రాసి చూసుకున్నాడు. చెప్పులు సరిచేయడానికి ఆయమ్మ వంగితే, అడుగుల చప్పుడును బట్టి ఆవిడే అని పోల్చుకున్నాడు.

"నాదేం రంగు?" అని అడిగాడు.

నీలం అని అనేస్తే సరిపోయేది. వ్యాను ఎక్కేదాకా సంతోషంగా ఉండేవాడు. కానీ గ్లాసు ఎక్కడుందో, బల్ల ఎక్కడుందో, ఎండ ఏ కిటికీలో ఉందో రెండేళ్లుగా ఆయనకు చెబుతున్నది తనే. ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు.

"పసుపు" అంది. ఆయన అడక్కముందే, "నేనే చెప్పాను" అని కూడా అంది.

ఆయన ముఖం మొద్దుబారిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదర ఎవరూ లేని చోటికి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ నేలమీద మోకాళ్లమీదే ఉండి, గొంతు తగ్గించి, అంతా చెప్పింది. ఆ కుడి మలుపుకు అవతల మెట్లున్న సంగతి చెప్పింది. నేను ఆ దారిన ఎందుకు పోతాను అన్నాడాయన. మొన్న నిద్ర లేచి పోయారు కదా అంది. ఆయన పెదాలు కదిలాయి, నాలుగు, రెండు, తొమ్మిది అని లెక్కపెట్టుకుంటున్నాడు. అక్కడితో ఆపవచ్చు. కానీ దాచడం ఇక తన వల్ల కాదనిపించి ఒకటో నంబరు మంచం సంగతి కూడా చెప్పేసింది. సిస్టరమ్మకు మొదటినుంచీ తెలుసంది. తను ఒక్క పూట నోరు మూసుకుని ఉంటే ఆయనకు ఈ పట్టీ ఉండేది కాదంది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

బయట వ్యాన్లు వెనక్కి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ముగ్గురం ఒకే బస్సులో కూర్చుని, ఒకళ్లకొకళ్లం తెలియనట్టు టిక్కెట్టు తీసుకున్నామన్నమాట" అన్నాడు చివరికి. నవ్వలేదు. కోపంగానూ అనలేదు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆదివారం వచ్చి అక్కడి అడుగులు లెక్కపెట్టి పెడతానంది.

"ఆదివారం దాకా మంచం మీదే కూర్చోమంటావా?"

ఆవిడ ఆయన చెప్పుల వంకర సరిచేసింది. ఆయన, రేపటినుంచి నీ డ్యూటీ ఎక్కడ అని అడిగాడు. బట్టల గదిలో అంది. అక్కడెవరుంటారు అంటే, ఎవరుంటారు, దుప్పట్లు అంది. ఆయన తలూపాడు. చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నాడు, అది విప్పి సరిగా పెట్టుకున్నాడు. లేచి నిలబడి, ఇన్నాళ్లూ ఎవరైనా చూస్తారేమోనని ఒక్కసారి కూడా చాచని చెయ్యి చాచాడు.

"పట్టుకో. ఇంక దాచేదేముంది."

ఆవిడ పట్టుకుంది. ఎండిపోయిన, తేలికైన చెయ్యి. అందరూ చూస్తుండగా ఇద్దరూ వార్డు మధ్యలోంచి నడిచారు. కూజా బల్ల దగ్గర ఆవిడ చెప్పకుండానే ఇద్దరూ ఎడంగా తప్పుకున్నారు. స్తంభం దగ్గర ఆయన కాళ్లు అలవాటుగా కుడికి తిరగబోతే, ఇటు అని ఆవిడ మెల్లిగా లాగింది. ఆయన బుద్ధిగా ఇటే వచ్చాడు. సిస్టరమ్మ తలుపు దగ్గర పటం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆగి, ఆవిడ మందుల వాసన పట్టి, వెళ్లొస్తానమ్మా అన్నాడు. సిస్టరమ్మ తల పక్కకు తిప్పుకుంది.

పసుపు పట్టీల వ్యాను గేటు దగ్గర విడిగా ఉంది. ఆయన్ను ఎక్కించి, చెయ్యి తీసి ముందు సీటు కమ్మీమీద పెట్టింది. చెప్పులు సరిగా ఉన్నాయో లేదో చూసింది. మూడో మంచం ముసలమ్మ అప్పటికే కిటికీ పక్కన కూర్చుని ఉంది. డ్రైవరు ఇంజను వేశాడు. ఆయమ్మ కిందికి దిగి, తలుపు వేసి, పక్కన నిలబడింది.

కిటికీలోంచి కండక్టరు గారు ఆవిడ ఉన్న వైపు ముఖం తిప్పాడు.

"నువ్వు రైట్ అనాలి ఆయమ్మా. కిందున్నవాళ్లు చెప్పకపోతే బండి ఎలా కదులుతుంది?"

ఆవిడ చెయ్యెత్తి వ్యాను పక్క రేకు మీద రెండుసార్లు కొట్టింది. చప్పుడు చాలనుకున్నాడేమో డ్రైవరు, బండి కదిలింది. గేటు దాటి, మలుపు తిరిగి, పెద్ద రోడ్డు మీద మిగతా బళ్లలో కలిసిపోయింది.

మధ్యాహ్నానికి వార్డు ఖాళీ అయింది. మంచాలు పోయాయి, కుర్చీలు పోయాయి, కూజా బల్లను కూడా ఎవరో ఎత్తుకుపోయారు. నేలమీద తుప్పు మరకలు మిగిలాయి, నాలుగేసి చొప్పున, రెండు వరసల్లో. చివరిసారి కడిగి తాళాలు అప్పజెప్పమన్నారు. ఆయమ్మ బకెట్టు నిండా నీళ్లు పట్టుకుని, ఏడో మంచం ఉండే చోటునుంచి బాత్రూము వైపు నడిచింది. నాలుగడుగులు వేసింది. అక్కడ ఏమీ లేదు, వట్టి నేల. ఆవిడ నీళ్లు తొణక్కుండా బకెట్టును కాస్త ఎత్తిపట్టి, ఎడంగా తప్పుకుని ముందుకు పోయింది.